సర్ పిట్టి త్యాగరాయ శెట్టి

మధ్యాహ్నపు గంట మ్రోగినంతనే పిల్లలు చేతులు కడుగుకొని, పళ్లెములతో బారులు తీరుట నేడు మన పాఠశాలలలో నిత్యము కానవచ్చు దృశ్యము. వేమూరు, కొల్లూరు, అమృతలూరు ప్రాంతములు కృష్ణ కాలువల క్రింద వరి పండు సీమ. కళ్లములలోని ధాన్యపు రాసులను చూచినవానికి ఇచ్చట ఆకలి యను మాటయే వింతగా తోచును. కాని పొలమున పాటుపడుట వేరు, పొలము కలిగియుండుట వేరు. నాట్లకో కోతలకో తల్లిదండ్రులు తెల్లవారకమునుపే తరలిపోయిన యింటినుండి వచ్చు బాలుడు పెక్కుమార్లు వట్టి కడుపుతోనే బడికి వచ్చును. బడిలో అన్నము పెట్టని రోజులలో ఉపాధ్యాయులుగా పనిచేసిన మావంటివారికి ఈ సంగతి బాగుగా తెలియును. అప్పుడు ఉదయపు హాజరుపట్టీకిని, మధ్యాహ్నపు హాజరుపట్టీకిని పొత్తు కుదిరెడిది కాదు.

పాఠశాలలలో ఆహారమిచ్చు పథకమును కేంద్రప్రభుత్వము 1995 ఆగస్టు 15వ తేదీన దేశమంతటికి ఉద్దేశించి ప్రారంభించెను. వండిన అన్నమునే పెట్టవలెనని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఉత్తరువు చేసెను. మన రాష్ట్రమున 2003 జనవరిలో ఇది అమలులోనికి వచ్చెను. అయితే ఈ విత్తనము నాటబడినది అంతకు ఎనుబది సంవత్సరములకు పూర్వము, మద్రాసు నగరములో. నాటిన సభకు అధ్యక్షత వహించినవారు తెలుగు మాటాడు ఒక నేతవారి కుటుంబమున జన్మించిన పిట్టి త్యాగరాయ శెట్టిగారు.

మద్రాసు మనకు పరాయి నగరమని తలపవలదు. నేడు బాపట్ల జిల్లాలో ఉన్న వేమూరు ఆనాడు గుంటూరు జిల్లాలోనిది. గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు మనవారు పెద్ద చదువులకైనను, పెద్ద వ్యాజ్యములకైనను తెనాలిలో రైలెక్కి అచ్చటికే పోయెడివారు. నగరపు ఉత్తర భాగమున తెలుగు వీధులకు కొదువలేదు. ఆ భాగముననే, కొఱుక్కుపేటలో, 1852 ఏప్రిల్ 27వ తేదీన త్యాగరాయ శెట్టిగారు జన్మించిరి. వారిది దేవాంగ కుటుంబము.

ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి బి. ఏ. పట్టమును పొందిరి. ఆనాడు బి. ఏ. చదివినవానికి సర్కారు కొలువు సిద్ధముగా ఉండెడిది. శెట్టిగారు ఆ త్రోవ త్రొక్కలేదు. తోళ్ల వ్యాపారము, బట్టల వ్యాపారము చేసిరి. వాషర్మన్‌పేటలో సుమారు నూరు మగ్గములతో ఒక నేతశాలను నడిపిరి. ఈ పేట పేరునకు ఒక కారణము కలదు. ఈస్టిండియా కంపెనీవారు ఎగుమతికై కొన్న నూలు బట్టలను ఉతికి చలువచేయువారిని అచ్చట కాపురముంచిరి. ఆ విధముగా బట్టతో పుట్టిన పేటలో బట్ట నేయించుచు ఆయన జీవించిరి.

నేతపనిలో ఆయన చేసిన ఒక మార్పును గూర్చి కొంచెము చెప్పవలెను. గుంట మగ్గముపై నేయువాడు పడుగు నూలు నడుమనుండి నాడెను ఒక చేతితో విసరి రెండవచేతితో పట్టుకొనును. అందుచేత బట్ట వెడల్పు చేతుల అందుబాటునకు మించదు. పనియు నెమ్మదిగా సాగును. ఇంగ్లండులో 1733లో జాన్ కే అనువాడు ఒక ఉపాయము కనిపెట్టెను. నడుమనున్న త్రాటిని లాగినంతనే నాడె తానుగా ఒక కొననుండి మరియొక కొనకు పరుగెత్తును. ఈ రకపు మగ్గములను మద్రాసు నేతగాండ్రకు అలవాటు చేయుటలో శెట్టిగారు ముందు నిలిచిరి. మిల్లు బట్ట ధాటికి చేనేత చితికిపోవుచున్న కాలమది. యంత్రమును తిట్టుచు కూర్చుండక, మగ్గమునే కొంత వడిగలదానినిగా చేయుట మేలని ఆయన తలంచిరి. చీరాలలోను, మంగళగిరిలోను మగ్గముల చప్పుడు విని పెరిగిన పిల్లలకు ఈ తలంపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1909లో దక్షిణ భారత వర్తక మండలి స్థాపింపబడినప్పుడు వర్తకులు ఆయననే తొలి అధ్యక్షునిగా ఎన్నుకొనిరి.

ఇక నగరసభ సంగతి. మద్రాసు నగరసభ 1688లో ఏర్పడినది. మన దేశమున అంతకంటె పాతది లేదు. ఆదిలో దాని పెద్దకు మేయరు అను పేరుండెను. నడుమ ఆ పేరు పోయి ప్రెసిడెంటు అను పేరు వచ్చెను. 1933లో మరల మేయరు అను పేరు వచ్చినది. కావున త్యాగరాయ శెట్టిగారిని గూర్చి కొందరు మేయరని వ్రాయుదురు గాని, ఆ కాలపు కాగితములలో ఆయన నగరసభ ప్రెసిడెంటు. పని మాత్రము అదియే.

1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను పెంపొందింప తీర్మానించెను. ఇంచుమించు ఆ కాలముననే శెట్టిగారు నగరసభలో సభ్యులుగా ప్రవేశించి, సుమారు నలుబది సంవత్సరములు అందుండిరి. నగరసభ పని పైకి మెఱుపు లేనిది. నీటి గొట్టములు, మురుగు కాలువలు, వీధి దీపములు, చెత్త బండ్లు, ప్రాథమిక పాఠశాలలు, పన్ను అర్జీలు: వీనిని గూర్చి వారము వారము తర్జనభర్జన చేయవలెను. ఇందు ఉపన్యాస కీర్తి రాదు. మలేరియా తగ్గిన వీధిలో తగ్గించినవాని పేరు ఎవ్వరును అడుగరు. అట్టి పనిలో నలుబది సంవత్సరములు ఒకడు విసుగు చెందక నిలిచియుండుట నాకు ఆయన జీవితమంతటిలో ఎక్కువ గొప్పగా తోచును.

చాలకాలము వరకు ఆ సభకు అధ్యక్షుడు ప్రభుత్వము పంపిన ఉద్యోగియే. సభ్యులు ఎంత వాదించినను పగ్గములు అతని చేతిలోనివి. 1919లో వచ్చిన మద్రాసు నగరపాలక చట్టము ఈ యేర్పాటును మార్చెను. కార్యనిర్వహణకు కమిషనరు వేరుగా ఉండగా, సభకు అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొనవచ్చును. ఉద్యోగి కాని వ్యక్తి ఆ పీఠమెక్కుట అంతకు ముందు లేదు. ఆ పీఠము మొదట త్యాగరాయ శెట్టిగారికి దక్కెను.

ఆయన వేషమును గూర్చి నగరములో ఒక విశేషముగా చెప్పుకొనెడివారు. సభకైనను, గవర్నరు మందిరమునకైనను తెల్లని పంచె, తెల్లని పొడుగు అంగీ, తలపాగా. ప్రభుత్వము రావు బహద్దూరు బిరుదమును, పిమ్మట సర్ బిరుదమును ఇచ్చినను వేషము మారలేదు. తమిళులు ఆయనను తెల్లదుస్తుల రాజు అని పిలుచుకొనిరి. ఇప్పటికిని అట్లే పిలుతురు.

నగరసభ నడుపు పాఠశాలలలో ఒకటి థౌజండ్ లైట్సు అను పేటలో ఉండెను. అందలి పిల్లలు మిక్కిలి పేదలు. పాఠశాల ఉన్నది, పంతులు ఉన్నాడు, బల్లలున్నవి, పిల్లలు మాత్రము నిలువరు. ఈ లోపమునకు మందేమి? ఉపాధ్యాయుని మార్చుటయా, తల్లిదండ్రులకు జరిమానా వేయుటయా? శెట్టిగారు సభకు చెప్పిన కారణము సూటియైనది. పిల్లలు పేదలు, ఆ పేదరికము పాఠశాల సంఖ్యను దెబ్బతీయుచున్నది. 1920 సెప్టెంబరు 16వ తేదీన నగరసభ తీర్మానించినది: థౌజండ్ లైట్సు పాఠశాలలోని పిల్లలకు మధ్యాహ్నము ఫలహారము పెట్టవలెను, ఖర్చు పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించరాదు.

నేటి పిల్లలకు అణా యనిన తెలియదు. రూపాయికి 16 అణాలు. అనగా ఒక అణా నేటి లెక్కకు 6 పైసలకు కొంచెము ఎక్కువ. నూరుమంది పిల్లలకు దినమునకు 6 రూపాయల 4 అణాలు అగును. లక్షల రూపాయల పద్దు నడుపు నగరసభకు ఇది పెద్ద మొత్తము కాదు. కాని ఇందులో ఒక కొత్త ప్రశ్న ఇమిడియున్నది. బడి కట్టుట నగరసభ పని; పంతులుకు జీతమిచ్చుట నగరసభ పని. పిల్లవాని ఆకలి ఎవని పని? వాని తల్లిదండ్రులదే అని అంతవరకు లోకము అనుచుండెను. దాతలు సత్రములలో అన్నము పెట్టుట మన దేశమున కొత్త కాదు. అది పుణ్యము కొఱకు, పెట్టువాని ఇచ్ఛ కొద్ది. పన్నుల సొమ్ముతో, పద్దు వ్రాసి, చదువులో ఒక భాగముగా పెట్టుట కొత్త.

తరువాత మరి నాలుగు పాఠశాలలకు ఈ యేర్పాటు విస్తరించినది. ఈ అయిదు పాఠశాలలలో 1922–23లో 811 మంది పిల్లలుండగా, 1924–25 నాటికి 1,671 మంది అయిరి. రెండు సంవత్సరములలో సంఖ్య రెండింతలు దాటినది. పంతుళ్లు మంత్రమేమియు వేయలేదు.

ఆ 1920వ సంవత్సరముననే ఆయన జీవితమున మరియొక ఘట్టము జరిగినది. దానిని తెలిసికొనుటకు నాలుగు సంవత్సరములు వెనుకకు పోవలెను. శెట్టిగారు మొదట కాంగ్రెసువాదియే. కాని ఆనాటి సర్కారు ఉద్యోగములలోను, శాసనసభలలోను, విశ్వవిద్యాలయ పదవులలోను బ్రాహ్మణులే అధిక సంఖ్యలో ఉండుట, తక్కిన కులములవారికి చోటు దొరకకుండుట ఆయనను కలచివేసెను. వైద్యుడైన టి. ఎం. నాయరుగారును అట్లే తలంచెడివారు. వీరిరువురు నగరసభలో ఒకరినొకరు ఎదిరించుచు వచ్చినవారే. ట్రిప్లికేనులో పేద విద్యార్థులకు వసతిగృహము నడుపుచున్న సి. నటేశ మొదలియారుగారు ఇరువురిని ఒక చోట చేర్చిరి. 1916 నవంబరులో దక్షిణ భారత ఉదారవాద సంఘము ఏర్పడెను. మరుసటి యేడు 'జస్టిస్' అను ఇంగ్లీషు పత్రికను వారు ప్రారంభించుటచేత, ఆ సంఘమునకు జస్టిస్ పార్టీ అను పేరు స్థిరపడినది. 1919లో నాయరుగారు లండనులో మరణింపగా భారము శెట్టిగారిపై పడినది.

1919 నాటి సంస్కరణలచేత మద్రాసు శాసనసభకు కొంత అధికారము వచ్చెను. విద్య, వైద్యము, స్థానిక పరిపాలన మొదలగు శాఖలను సభకు బాధ్యులైన మంత్రులు చూతురు. పోలీసు, భూమిశిస్తు మొదలగునవి గవర్నరు చేతిలోనే ఉండును. ఒక యింటికి ఇద్దరు యజమానులన్నట్లుండిన ఈ యేర్పాటునే ద్వంద్వప్రభుత్వము అనిరి. ఆస్తి కలిగి, పన్ను కట్టు కొలదిమందికే ఓటు. కాంగ్రెసు ఈ ఎన్నికలను బహిష్కరించెను. 1920 నవంబరున జరిగిన ఎన్నికలలో 98 స్థానములకు 63 జస్టిస్ పార్టీకి లభించినవి.

గెలిచిన పక్షమునకు నాయకుడు త్యాగరాయ శెట్టిగారు. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు మంత్రివర్గమును ఏర్పరుప ఆయననే ఆహ్వానించెను. ముఖ్యమంత్రి పదవి వాకిట నిలిచినది. ఆయన వలదనిరి. పదవి దక్షిణార్కాటు వాడైన ఎ. సుబ్బరాయలు రెడ్డియారుగారికి పోయెను. రెడ్డియారుగారు 1921లో అనారోగ్యముచే విరమింపగా, శ్రీకాళహస్తి ప్రాంతపు తెలుగు జమీందారు పానుగంటి రామరాయణింగారు ఆ స్థానమునకు వచ్చిరి. ఈయననే మద్రాసులో పానగల్లు రాజా అందురు. మూడవ మంత్రి స్థానములో ఏలూరు న్యాయవాదియైన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు పనిచేసిరి. శెట్టిగారు శాసనసభలో సామాన్య సభ్యుడుగా, నగరసభలో అధ్యక్షుడుగా ఉండిపోయిరి. ఆ శాసనసభయే 1921 ఏప్రిలులో స్త్రీలకు ఓటు హక్కునకు అడ్డు తొలగించినది. బ్రిటిషు ఇండియాలోని రాష్ట్రములలో మద్రాసే ఇందులో మొదటిది.

పదవిని వదలుకొనిన మాత్రమున ఒక మనిషి చేసినదంతయు సరియైనదని చెప్పరాదు. మంత్రివర్గములో లేక, వెలుపలనుండి పక్షమును నడిపినందున, బాధ్యత ఒకరిది, మాట మరియొకరిది యయ్యెనని విమర్శ కలిగినది. 1923 నవంబరులో కట్టమంచి రామలింగారెడ్డిగారు మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చిరి. ఆయనయు మొదట ఆ పక్షమువారే. తీర్మానము వీగిపోయినను చీలిక దాగలేదు.

అంతకంటె పెద్ద ప్రశ్న మరియొకటి కలదు. గాంధీగారు సహాయనిరాకరణోద్యమమును నడుపుచుండగా, మన చీరాలలోను, పెదనందిపాడులోను జనులు పన్నులు కట్టమని ఎదురు తిరుగుచుండగా, శెట్టిగారు ప్రభుత్వము పక్షమున నిలిచిరి. ఆంగ్లేయులు వెంటనే పోయినచో అధికారము మరల కొలదిమంది చేతికే చిక్కునని ఆయన భయము. 1922 జనవరిలో వేల్సు రాకుమారుడు మద్రాసునకు వచ్చిన దినమున నగరములో హర్తాళు జరిగి అల్లరులు రేగినవి. రాకుమారుని స్వాగతించుటకు సిద్ధపడిన శెట్టిగారి యింటిని జనసమూహము చుట్టుముట్టినది. ఏ నగరపు వీధులకు ఆయన దీపములు పెట్టించిరో ఆ నగరపు జనులే ఆయన వాకిట నిలిచి కేకలు వేసిరి. దేశస్వాతంత్ర్య విషయమున ఆయన లెక్క తప్పినదని నా అభిప్రాయము. అయినను, బడి గుమ్మము దాటలేని పిల్లవానిని ఆయన చూచినంత దగ్గరగా ఆనాటి పెద్దలు పెక్కుమంది చూడలేదనుటయు నిజమే.

ఆయన చివరి దినములలో నగరమునకు పశ్చిమముననున్న పెద్ద చెఱువును పూడ్చి కొత్త పేటను కట్టుట మొదలుపెట్టిరి. దానికి త్యాగరాయనగరమని పేరు పెట్టిరి. నేడు టి. నగర్ అను పొట్టి పేరు చాటున ఆ పేరు దాగిపోయినది. తెలుగు సినిమావారు, రచయితలు, పత్రికలవారు ఎందరో కాపురమున్న పేట యది. దాని నడుమనున్న తోటకు పానగల్లు రాజా పేరు. నగరసభ కార్యస్థానమైన రిప్పన్ భవనము ముందు శెట్టిగారి విగ్రహము కలదు.

ఇక ఆ భోజనము సంగతి. 1920లో వచ్చిన ప్రాథమిక విద్యా చట్టము ప్రకారము విద్యకై వేరుగా ఒక నిధి ఉండెను. నగరసభ పిల్లల ఆహారపు ఖర్చును ఆ నిధిలో వ్రాసెను. విద్యానిధి విద్యకే గాని తిండికి కాదని ప్రభుత్వము అభ్యంతరము చెప్పి, 1925 ఏప్రిల్ 1వ తేదీనుండి ఆ ఖర్చును త్రోసిపుచ్చెను. మంత్రివర్గము శెట్టిగారి పక్షమువారిదే. విద్యాశాఖయు మంత్రుల చేతిలోనిదే. పద్దు నియమము మాత్రము కదలలేదు. అయిదు పాఠశాలలలో పొయ్యి ఆరిపోయినది.

ఆ నెలలోనే శెట్టిగారికి డెబ్బదిమూడు సంవత్సరములు నిండినవి. మరునాడు, 1925 ఏప్రిల్ 28వ తేదీన, ఆయన కన్నుమూసిరి.

నగరసభ ఆ తీర్మానమును మరవలేదు. పిల్లల సంఖ్య తగ్గుచున్నదన్న ఫిర్యాదులు దానిని మరవనీయలేదనుట సబబు. 1927లో నగరసభ పద్దును మరల సవరించుకొని, ఇరువదియైదు పాఠశాలలలో వేయిమంది పేద పిల్లలకు మధ్యాహ్నపు ఆహారము తిరిగి పెట్టసాగెను.